నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద చుక్కల కుట్లు

ఫొటో ప్రింటింగ్‌పై పాఠకుల ప్రశ్నలకు, విజయవాడ గవర్నర్‌పేటలో 1983 నుంచి స్టూడియో నడుపుతున్న మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో చిన్న స్టూడియో నాది. పాస్‌పోర్టు ఫొటోలు, ఏ4 సైజు దాకా ఎన్‌లార్జ్‌మెంట్లు చేస్తుంటాను. ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్ వాడుతున్నాను. పోయిన నెల మా వీధిలో ఒక పెద్దాయన కాలం చేస్తే, పెద్దకర్మకి ఫొటో కావాలని వాళ్లబ్బాయి వచ్చాడు. పెళ్లి గ్రూపు ఫొటోలోంచి ఆయన్ని కట్ చేసి, వెనక ముదురు నీలం పెట్టి, గ్లాసీ పేపర్ మీద ప్రింట్ తీశాను. రంగులు బాగానే వచ్చాయి. కానీ ఫొటోని కొంచెం వంచి చూస్తే నీలంలోనూ, జుట్టులోనూ పైనుంచి కిందికి సన్నటి చుక్కల వరసలు. తెల్ల చొక్కా మీద మాత్రం ఏమీ లేవు. వాళ్ల పెద్దావిడ చూసి, "ఏంటి బాబూ, ఆయన జుట్టులో కుట్లు పడ్డట్టున్నాయేంటి?" అన్నారు. తల కొట్టేసినట్టయింది. నాలుగుసార్లు హెడ్ క్లీనింగ్ చేశాను, ఇంకు మార్చాను. తగ్గలేదు. మెకానిక్ హెడ్ మార్చాలంటున్నాడు. ఏం చేయమంటారు?
(ఒక స్టూడియో మిత్రుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: బాబూ, ముందు ఆ హెడ్ క్లీనింగ్ ఆపండి. ఆ నాలుగుసార్లూ ట్యాంకులోంచి లాగిన ఇంకంతా ప్రింటర్ అడుగునున్న వేస్ట్ ప్యాడ్‌లోకి చేరింది తప్ప పెద్దాయన జుట్టు బాగుపడలేదు. ఆ ప్యాడ్ నిండిందని ఒకరోజు ప్రింటరే మొరాయిస్తుంది, అది ఇంకో ఖర్చు. హెడ్ మార్చమన్న మెకానిక్‌కి కూడా ఓ దండం పెట్టి పంపించేయండి.

జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. హెడ్ అనేది కాగితానికి అడ్డంగా అటూ ఇటూ తిరుగుతుంది. ఇంకు చిమ్మే దాని సన్న రంధ్రం, అదే నాజిల్, మూసుకుపోతే గీత కూడా అడ్డంగానే పడుతుంది. మీకు పడ్డవి నిలువు వరసలు, అంటే కాగితం బయటికొచ్చే దారి. అదీగాక తెల్ల చొక్కా మీద లేవని రాశారు. ఆ ఒక్క మాట చాలు నాకు. ఇది చక్రం చేసిన పని.

ఏ చక్రం అంటారా? ప్రింటర్ మూత ఎత్తి, కాగితం బయటికొచ్చే చోట సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. వరసగా చిన్న చిన్న పళ్ల చక్రాలు కనిపిస్తాయి. మెకానిక్‌లు స్టార్ వీల్ అంటారు. నాకైతే మా అమ్మ సంక్రాంతికి కజ్జికాయల అంచులు కోసే చక్రం గుర్తొస్తుంది. దానికంటే ఇది బాగా చిన్నది, రేకు కూడా పల్చన, పళ్లు మాత్రం సూదుల్లా ఉంటాయి. ఇంకు పడ్డ వైపు తడిగా ఉంటుంది కదా, దాని మీద రబ్బరు రోలర్ మొత్తం ఆనిస్తే బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని కింద రబ్బరు రోలర్ పెట్టి, పైన ఈ చక్రాలు పెట్టారు. కాగితాన్ని పట్టుకోవాలి, కానీ తాకీ తాకనట్టు పళ్ల మొనలతోనే పట్టుకోవాలి.

మామూలు తెల్ల కాగితం మీద ఆ మొనల అచ్చు కంటికి ఆనదు. గ్లాసీ పేపర్ సంగతి వేరు. దాని పైపూత అద్దంలా నున్నగా ఉంటుంది కాబట్టి చిన్న గుంట పడ్డా వెలుతురు అక్కడ చెదిరి చుక్కలా కనిపిస్తుంది. పైగా ఇంకును తాగేదీ ఆ పూతే. తాగి మెత్తగా ఉన్నప్పుడు చక్రం ఎక్కిందంటే, కొత్తగా పోసిన సిమెంటు మీద కోడి నడిచినట్టే. ముదురు నీలానికి, జుట్టుకి ఇంకు బాగా పడుతుంది. చొక్కా తెలుపు అంటే అక్కడ ఇంకే లేదు, పూత గట్టిగా ఉంది, చక్రం దాని మీద నుంచి ఏ గుర్తూ పెట్టకుండా వెళ్లిపోయింది.

నా మాట నమ్మి ఊరుకోకండి, పరీక్ష చేసుకోండి. ఆ ఫొటో మీద స్కేలు పెట్టి, ఎడమ అంచు నుంచి ఒక్కో చుక్కల వరస ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో కాగితం మీద రాసుకోండి. తర్వాత మూత ఎత్తి అదే స్కేలుతో కాగితం ఎడమ గైడు నుంచి చక్రాల దూరం కొలవండి. రెండు లెక్కలూ సరిపోతే ఇక వేరే అనుమానం అక్కర్లేదు. ఏ చక్రం దగ్గర చుక్కలు ఎక్కువ లోతుగా పడ్డాయో కూడా అప్పుడే తేలిపోతుంది. అదొక్కటే వంగి ఉండొచ్చు, లేదా పళ్లలో ఎండిన ఇంకు గడ్డకట్టి ఉండొచ్చు.

ఇంకో పరీక్ష కూడా చేయండి. అదే గ్లాసీ పేపర్ మీద పై మూలలో ఒక చిన్న చుక్క తప్ప ఇంకేమీ లేని పేజీ ప్రింట్ ఇవ్వండి. ఖాళీ పేపర్ మీద కూడా ట్యూబులైటు కింద గుంటలు కనిపిస్తే చక్రం నొక్కుడు ఎక్కువైంది, లేదా పేపర్ పూత మరీ నాసి. ఖాళీ చోట ఏమీ లేకుండా ముదురు రంగుల్లోనే పడుతుంటే తప్పు తడిది. మీది రెండోదే అని నా అంచనా.

ఈ విషయం నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఓ శ్రావణమాసం పెళ్లి, 4×6 ప్రింట్లు నూట ఎనభై. కట్ట మీద నలభై రూపాయలు మిగులుతాయని కొత్త రకం పేపర్ తెచ్చాను. నాలుగు రోజులుగా ముసురు, పేపర్ కట్ట విప్పి బల్ల మీదే పెట్టాను, రాత్రికి రాత్రి ప్రింట్లు లాగేశాం. రిసెప్షన్‌లో పెళ్లికొడుకు నల్ల సూటు. డెలివరీ రోజు వాళ్ల బావగారొకాయన (ప్రతి పెళ్లింట్లోనూ ఇలాంటి ఆయన ఒకరుంటారు) ఫొటోని ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని, "మాస్టారూ, సూటు మీద చీమలు పాకుతున్నాయే" అన్నారు. లైటు తప్పండీ, మామూలుగా చూడండి అని దబాయించబోయాను. ఆయన ఫొటో నా చేతికిచ్చి ఊరుకున్నారు. చీమలే. నూట ఎనభై మళ్లీ తీసిచ్చాను.

కాబట్టి మొదటి మందు పేపర్. బజార్లో గ్లాసీ అని అమ్మేవి రెండు జాతులు. ఒకటి మామూలు కాగితానికి ముందువైపు మాత్రం మెరుపు పూత పూసింది. 130, 180 జీఎస్‌ఎమ్‌లో (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) చవగ్గా దొరికేవి చాలావరకు ఇవే. రెండోది ఆర్‌సీ (రెసిన్ కోటెడ్) పేపర్, దానికి రెండు వైపులా సన్నటి ప్లాస్టిక్ పొర ఉండి, ముందువైపు ఆ పొర మీద ఇంకు తాగే పూత ఉంటుంది. 240 నుంచి 270 జీఎస్‌ఎమ్ వరకు వస్తుంది. తేడా తెలియాలంటే వెనకవైపు ఒక నీటి చుక్క వేయండి. ఆర్‌సీ అయితే తామరాకు మీద నీళ్లలా నిలబడుతుంది. చవకది అయితే పీల్చుకుంటుంది. వెనక నుంచి నీళ్లు పీల్చేది గాలిలో తేమనూ పీల్చుతుంది, ఉబ్బుతుంది, అంచులు పైకి లేస్తాయి, చక్రాలకు ఇంకా గట్టిగా ఒరుసుకుంటుంది. పెద్దకర్మ ఫొటో గోడ మీద ఏళ్ల తరబడి ఉండేది. దాని దగ్గర పేపర్‌లో మిగిల్చేది ఎంత?

రెండో మందు డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్‌లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో, ఎంచుకునే పేపర్ రకం. చాలామంది స్టూడియో కుర్రాళ్లు ఏ పేపర్ పెట్టినా ఒకే సెట్టింగ్‌లో కొట్టేస్తారు. ప్రింటర్‌కి కళ్లు లేవు. మీరు ఏ పేరు చెబితే దానికి తగ్గ ఇంకు పోస్తుంది. పేపర్ తాగగలిగినదానికంటే ఎక్కువ పోస్తే పైన నిలిచిపోతుంది. పేపర్ కంపెనీ అట్ట మీద ఏ సెట్టింగ్ వాడమని ఉందో అదే పెట్టండి. రాసి లేకపోతే రెండు మూడు రకాల గ్లాసీ సెట్టింగుల్లో ఒకే ముదురు నీలం ముక్క ప్రింట్ తీసి, ఒక నిమిషం ఆగి చూపుడువేలితో అంచు మీద మెల్లిగా రాయండి. ఏది అంటుకోకుండా, రంగు కూడా చచ్చిపోకుండా ఉందో అదే మీ సెట్టింగ్. ఇంకా తడిగా ఉంటే కలర్ అడ్జస్ట్‌మెంట్‌లో డెన్సిటీ అనో ఇంటెన్సిటీ అనో ఉంటుంది, దాన్ని కాస్త తగ్గించండి. ప్రింటర్ కంపెనీది కాని బయటి ఇంకు వాడేవాళ్లకి ఇది మరీ అవసరం, ఎందుకంటే ప్రింటర్ లెక్క దాని సొంత ఇంకుకి వేసిన లెక్క.

హై స్పీడ్ అనే టిక్కు తీసేయండి. అది ఉంటే హెడ్ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇంకు చల్లుతుంది. తీసేస్తే ఒకవైపే చల్లుతుంది, టైము పెరుగుతుంది, ఆ టైములో పూత ఇంకును లోపలికి లాగేసుకుంటుంది. హెడ్‌కి, చక్రాలకి మధ్య దూరం తక్కువ. మనం సంపాదించుకోగలిగింది ఆ కొద్ది క్షణాలే. కస్టమర్ కౌంటర్ దగ్గర నిలబడి "ఇంకా ఎంతసేపండీ" అంటాడు. అననివ్వండి.

ఇక్కడ ఒక మాట. మీ మెకానిక్కో, ఇంకొకరో థిక్ పేపర్ టిక్కు పెట్టమంటారు. ఎప్సన్ వాటిలో చాలా మోడళ్లకి ఆ పేరుతో ఉంటుంది, కానన్ వాటిలో ప్రివెంట్ పేపర్ అబ్రేషన్ అని ఉంటుంది. రెండూ మంచివే, కానీ అవి హెడ్‌కి, కాగితానికి మధ్య ఎడం పెంచుతాయి. అంచుల దగ్గర హెడ్ గీరుకుని నల్లటి మరకలు పడుతుంటే వాటికి మందు. పళ్ల చక్రం ఎప్పటిలాగే నొక్కుతుంది. జ్వరానికి కాలికట్టు కట్టినట్టు, ఏ జబ్బుకి ఏ మందో చూసుకోవాలి.

పేపర్ వంకర కూడా చూడండి. బల్ల మీద పరిచినప్పుడు మూలలు మూడు మిల్లీమీటర్లకు మించి లేస్తుంటే ఆ పేపర్ అలాగే పెట్టకండి. పైన తెల్ల కాగితం వేసి, వంకరకి ఎదురు దిక్కున మెల్లిగా చుట్టి సాపు చేయండి. పేపర్ కట్ట ఎప్పుడూ జిప్ కవర్‌లోనే ఉండాలి, ఎన్ని కావాలో అన్నే బయటికి తీయాలి. ట్రేలో పదేసి కాకుండా ఒక్కొక్కటే పెట్టండి, లేకపోతే బయటికొచ్చిన ప్రింట్ మీద తర్వాతది పడి రుద్దుకుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చాక సింగ్‌నగర్ వైపు నుంచి కొందరు తమ్ముళ్లు తడిసిన పేపర్ కట్టలు ఆరబెట్టి వాడుకోవచ్చా అని తెచ్చి చూపించారు. చూడ్డానికి ఆరినట్టే ఉన్నాయి. ప్రింటర్‌లో పెడితే అప్పడంలా లేచాయి. గుండె రాయి చేసుకుని పాస్‌పోర్టు కవర్లలో అట్టలుగా వాడేయమన్నాను.

వానే కాదు, ఎండ కూడా. ప్రింటర్ పుస్తకం తెరవండి. సాధారణంగా 10 నుంచి 35 డిగ్రీల లోపు, తేమ 20 నుంచి 80 శాతం లోపు వాడమని ఉంటుంది. రోహిణి కార్తెలో మన బెజవాడ, గుంటూరుల్లో 35 అనేది పొద్దున్న టిఫిన్ వేళకే దాటిపోతుంది. ఏసీ లేకపోతే పెద్ద ప్రింట్లు తెల్లవారుజామున తీసుకోండి. ఏసీ ఉంటే పేపర్ కవర్ ఆ గదిలోకి తెచ్చి ఓ అరగంట ఆగి విప్పండి.

ఇక చక్రాలు శుభ్రం చేయడం. ప్రింటర్ ఆఫ్ చేసి, వైరు కూడా పీకేయండి. దూది పుల్లలు వద్దు, పీచు ఊడి పళ్లకి చుట్టుకుంటుంది, అది తీయడం ఇంకో నరకం. కళ్లజోడు తుడిచే గుడ్డలోంచి రెండంగుళాల ముక్క కత్తిరించుకోండి. దాన్ని బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, నీరు కారకుండా గట్టిగా పిండేయండి. ఒక్కో చక్రాన్ని ఆ గుడ్డతోనే, నొక్కకుండా, ఒక్కో పన్ను చొప్పున తిప్పుతూ తుడవండి. గుడ్డ మీద నీలం, గులాబీ, నలుపు చుక్కలు వరసగా పడుతుంటే మీకే తెలుస్తుంది ఇన్నాళ్లూ అక్కడ ఏం పేరుకుందో. చాలా ప్రింటర్లలో ఆ చక్రాల ఇరుసు వెంట్రుకంత సన్నని స్ప్రింగు. అది వంగితే చక్రం ఒక పక్కకి ఒరిగి, అంతకుముందు లేని చోట కొత్త చుక్కలు పెడుతుంది. థిన్నర్, పెట్రోలు దగ్గరికి రానివ్వకండి. రబ్బరు రోలర్లకి కూడా తడి గుడ్డ చాలు. హెడ్ వెనక అడ్డంగా సాగిన పారదర్శకపు పట్టీ ఒకటి ఉంటుంది, సన్నటి ఫిల్మ్ ముక్కలా. దాన్ని మాత్రం వేలితో తాకొద్దు. హెడ్ తను ఎక్కడుందో తెలుసుకునేది దాన్ని చూసే. అయిపోయాక నాలుగైదు తెల్ల కాగితాలు ఖాళీగా నడిపి చూడండి, వాటి మీద రంగు చుక్కలు పడటం ఆగిపోతే పని అయినట్టు.

చివరిగా ఆ పెద్దాయన ఫొటో. మళ్లీ తీసివ్వండి, డబ్బులడక్కుండా. ఈసారి వెనక ఆ ముదురు నీలం వద్దు. ఎవరు మొదలుపెట్టారో గానీ మన స్టూడియోల్లో కాలం చేసిన ప్రతివాళ్లనీ నీలం ఆకాశంలోకి పంపించేస్తున్నాం. లేత బూడిద రంగో, మీగడ రంగో పెట్టండి. ఇంకు తక్కువ పడుతుంది, ముఖం నిండుగా కనిపిస్తుంది, చక్రానికి దొరికేది జుట్టొక్కటే. అందులో కూడా నలుపుని పూర్తి నలుపుగా వదిలేయకుండా కాస్త పైకి లేపితే కేశాల గీతలు కూడా తెలుస్తాయి.

ఇంకో జాగ్రత్త. ప్రింట్ రాగానే అద్దం వేసి ఫ్రేము బిగించకండి. చేతికి ఆరినట్టున్నా, ఇంకులో కలిపిన గ్లైకాల్ లాంటివి నెమ్మదిగా ఆవిరవుతుంటాయి. అద్దం లోపల చిక్కుకుంటే పొగమంచు పట్టినట్టు మసక కమ్ముతుంది. పావుగంట ఆరనిచ్చి, పైన తెల్ల కాగితం కప్పి, ఒక రోజంతా ఉంచి అప్పుడు ఫ్రేము కట్టించండి. వాళ్లకి వెంటనే కావాలంటే, అద్దం లేకుండా ఫ్రేమిచ్చి, మర్నాడు మీరే వెళ్లి అద్దం వేసి రండి. ఆ పెద్దావిడని కూడా పలకరించినట్టుంటుంది.

ప్రశ్న: మాస్టారు గారూ, పటమటలో ఇంట్లోనే పుట్టినరోజు కార్డులు, రిటర్న్ గిఫ్టులకి ఫొటో ట్యాగులు చేస్తుంటాను. రెండు వైపులా గ్లాసీ ఉన్న పేపర్. మొదటి వైపు బ్రహ్మాండంగా వస్తుంది. తిప్పి రెండో వైపు ప్రింట్ తీస్తే మొదటి వైపు రెండు వెడల్పాటి మసక పట్టీలు పడుతున్నాయి. ఇవీ ఆ పళ్ల చక్రాలేనా?
(ఒక గృహిణి, పటమట, విజయవాడ)

జవాబు: కాదమ్మా. పళ్ల చక్రం అయితే చుక్కలు. వెడల్పాటి పట్టీలంటే కింద తిరిగే రబ్బరు రోలర్. మొదటి వైపు ప్రింట్ అయ్యాక ఎంతసేపటికి తిప్పి పెడుతున్నారో రాయలేదు. పిల్లాడి పుట్టినరోజు సాయంత్రం అయితే ఉదయం కూర్చుని ఉంటారని ఊహిస్తున్నాను. కాగితం తిప్పగానే ఆ ప్రింట్ వైపు కిందికి వెళ్లి, పేపర్‌ని లోపలికి లాగే రబ్బరు మీద పూర్తి బరువుతో ఆనుతుంది. మొదటి వైపులన్నీ ముందురోజే తీసేసి, విడివిడిగా పరిచి, రాత్రంతా ఉంచి మర్నాడు రెండో వైపు తీయండి. ముందు ఒక తడి గుడ్డతో రబ్బరు రోలర్లు తుడవండి, ఇప్పటికే వాటికి మీ మొదటి కార్డుల రంగు అంటి ఉంటుంది.

కార్డు అంచుల దాకా రంగు పోయేలా ప్రింట్ తీస్తున్నారా? అలా తీస్తే ఇంకు కొంత కాగితం బయటికి చిమ్మి, కింద ఉన్న స్పాంజిలో పడుతుంది. స్పాంజి నిండితే కార్డు వెనక అంచులకి మరకలు అంటుకుంటాయి. తెల్ల అంచు వదిలి ప్రింట్ తీసి, తర్వాత కత్తిరించుకుంటే ఆ బాధ ఉండదు. చిన్న ట్యాగులకి అయితే ఒక ఏ4 మీద పదో పన్నెండో పేర్చి కోసుకోవడమే మేలు, పేపర్ కూడా కలిసొస్తుంది.

ప్రశ్న: వన్‌టౌన్‌లో నా ప్రింటర్‌కి ఇలాగే చుక్కలు పడుతుంటే మా మెకానిక్ పళ్ల చక్రాల చట్రం మొత్తం ఊడదీసేశాడు. చుక్కలు పోయాయి. ఇప్పుడు ఏ4 ప్రింట్ చివరి అంగుళంలో నల్లటి గీరుడు మరకలు వస్తున్నాయి. ఆయన ఫోన్ ఎత్తడం లేదు.
(ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ)

జవాబు: ఎత్తడు. దూలం పడిపోతుందని గుంజ పెడితే, గుంజకి తల తగులుతోందని దాన్నే పీకేశాడాయన.

కాగితాన్ని ముందు లోపలి రోలర్ పట్టుకుంటుంది, తర్వాత బయటి రోలరూ పళ్ల చక్రాలూ కలిసి పట్టుకుంటాయి. చివరి అంగుళం వచ్చేసరికి లోపలి రోలర్ కాగితాన్ని వదిలేస్తుంది. అక్కడి నుంచి దాన్ని అదిమి పట్టి ఉంచాల్సింది చక్రాలే. అవి లేకపోతే తోక పైకి లేచి హెడ్‌కి గీరుకుంటుంది. మరకలతో పోతే పోనీ, కొన్నిసార్లు హెడ్ కాగితాన్ని మడిచి లోపలికి ఈడుస్తుంది. అప్పుడు హెడ్ నిజంగానే మార్చాల్సి వస్తుంది. పెద్ద రోల్ ప్రింటర్లు చాలావాటిలో కింద రంధ్రాలుంటాయి, ఫ్యాను గాలి లాగి కాగితాన్ని బల్లకి అతికించినట్టు పట్టుకుంటుంది. మన బల్ల మీది ప్రింటర్లకి ఆ ఏర్పాటు లేదు.

ఊడదీసిన చట్రం మీ దగ్గరే ఉందా? ఉంటే మళ్లీ బిగించి, పైన బ్రాడీపేట మిత్రుడికి చెప్పినవన్నీ చేయండి. ఆయనే పట్టుకుపోయి ఉంటే మీ మోడల్ పేరు చెప్పి పాత ప్రింటర్లు విడదీసి అమ్మేవాళ్ల దగ్గర అడగండి. అది దొరికేదాకా 4×6 ఫొటోని కూడా ఏ4 పేపర్ పైభాగంలో ప్రింట్ తీసి కోసుకోండి. చివరి రెండంగుళాలూ ఖాళీగా వదిలేస్తే తోక లేచినా మీ బొమ్మకి ఏం కాదు.

ప్రశ్న: ఈ గొడవలన్నీ లేకుండా డై సబ్లిమేషన్ ప్రింటర్ కొనేస్తే?
(అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: రోజుకి వంద 4×6లు, పాస్‌పోర్టు షీట్లు కొట్టే కౌంటర్ అయితే కొనండి. అందులో ద్రవం లేదు, రిబ్బన్ మీది రంగు వేడికి పేపర్‌లోకి దిగుతుంది, చివర్న పైపూత కూడా తనే వేస్తుంది, ప్రింట్ పొడిగా బయటికొస్తుంది. కాకపోతే బొమ్మ సగమే ఉన్నా రిబ్బన్ మాత్రం పేజీకి పేజీ ఖర్చవుతుంది, పేపర్ సైజు కూడా వాళ్లిచ్చిందే. నెలకి పాతిక ఎన్‌లార్జ్‌మెంట్లు చేసేవాళ్లకి దండగ.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మానాన్నల అరవయ్యో ఏడు పెళ్లిరోజున బంధువులబ్బాయి తీసిన ఫొటో ఒకటే ప్రింట్ ఉంది. ఫైలు పోయింది. అమ్మ కట్టిన ముదురు ఆకుపచ్చ పట్టుచీర మీద మీరు చెప్పేలాంటి చుక్కల వరసలే. ఇప్పటికే ప్రింట్ అయినదాని మీంచి వాటిని తీసేయగలమా? లామినేషన్ చేస్తే పోతాయా?
(ఒక పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు)

జవాబు: గుంట పడ్డ చోట గుంట పోదమ్మా. మ్యాట్ ఫిల్మ్‌తో కోల్డ్ లామినేషన్ చేస్తే మెరుపు చచ్చిపోతుంది కాబట్టి చుక్కలు కూడా చాలావరకు కంటికి ఆనవు. కానీ ఉన్నది ఒక్క ప్రింటే అన్నారు. ఒకసారి అతికించాక ఆ ఫిల్మ్ మళ్లీ రాదు. కాబట్టి ఇప్పుడే చేయించకండి.

నేను పని నేర్చుకునే రోజుల్లో నెగెటివ్ మీద దుమ్ము పడితే బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ మీద తెల్ల చుక్కలు వచ్చేవి. మా గురువుగారు ఎడమ బొటనవేలి గోటి మీద నల్ల రంగు ఒక బొట్టు వేసుకుని, సన్నటి బ్రష్షు కొస నాలికతో తడిపి, ఒక్కో చుక్కనీ పొడిచి పొడిచి మూసేసేవారు. స్పాటింగ్ అనేవాళ్లం. సాయంత్రానికి ఆయన నాలిక నల్లగా ఉండేది. అది మీ ఫొటోకి పనికిరాదు. అక్కడ రంగు లేక చుక్క రాలేదు, రంగు ఉంది, గుంట ఉంది. పైగా ఇంక్‌జెట్ ప్రింట్ మీద తడి బ్రష్షు పెడితే చుక్క పోయి మచ్చ మిగులుతుంది.

అందుకని దాన్ని కాపీ తీయించండి. స్కానర్‌లో వద్దు. స్కానర్ లైటు ఒక పక్క నుంచి పడి గుంటల నీడలు ఇంకా ఎక్కువ చూపించొచ్చు. ఫొటోని గోడకి చదునుగా పెట్టి, కెమెరా ఎదురుగా స్టాండు మీద పెట్టి, రెండు పక్కలా సమానంగా 45 డిగ్రీల్లో రెండు లైట్లు పెట్టి తీయాలి. ఒక లైటు వేసిన నీడని రెండోది చెరిపేస్తుంది, చుక్కలు ముప్పాతిక వంతు అక్కడే మాయమవుతాయి. ఫొటోకి ఎదురుగా, కెమెరా వెనక నల్ల గుడ్డ కడితే గ్లాసీ మీద గదిలోని వస్తువుల మెరుపు కూడా పడదు. చీరలో మిగిలినవాటిని ఫొటోషాప్‌లో ఒక్కో వరస పెద్దది చేసి కూర్చుంటే గంట పని. జరీ అంచు దగ్గర మాత్రం తొందరపడనివ్వకండి, చుక్క అనుకుని జరీ పువ్వు చెరిపేసే కుర్రాళ్లని చూశాను. ఆ ఫైలుని ఆర్‌సీ లస్టర్ పేపర్ మీద ప్రింట్ తీయించండి. లస్టర్ అంటే సన్నటి గరుకు ఉండే పేపర్, దాని మీద చక్రం గుర్తు పడ్డా ఆ గరుకులో కలిసిపోతుంది.

గుంటూరులో ఎవరూ ఒప్పుకోకపోతే బస్సెక్కి గవర్నర్‌పేట రండి. ఫొటోని మడవకుండా, రెండు అట్టల మధ్య, మెరుపు వైపు తెల్ల కాగితం వేసి తీసుకురండి. మధ్యాహ్నం రెండు తర్వాత అయితే నేను ఖాళీగానే ఉంటాను.